నూట పద్దెనిమిది సౌకర్యాల ఓడ

"మీరు పడవ అడిగారు. నేను ఓడ ఇస్తున్నాను."

జలవిహార శాఖ మంత్రి పాండురంగారావు గారు పెనుమూడి రేవులో ఈ మాట అన్నప్పుడు మైకు పక్కన నిలబడి ఉన్నది నేనే. చప్పట్లకి మొదట చేతులు కలిపింది కూడా నేనే. అది నా ఉద్యోగం కాదు, అలవాటు. ఉద్యోగం భట్టిప్రోలు హైస్కూల్లో తెలుగు పండితుడు. పేరు జాన్ బాబు. చుట్టుపక్కల ఎక్కడ సర్కారీ సభ జరిగినా వ్యాఖ్యాతగా నన్ను పిలుస్తారు. ఒక మనిషి గురించి నలభై నిమిషాలు ఆపకుండా మంచి మాటలు చెప్పగలను, అందులో ఎక్కడా సమాచారం దొర్లకుండా చూసుకోగలను. ఇలాంటి విద్య ఉన్నవాళ్ళు జిల్లాలో ఇద్దరే. రెండోవాడికి గొంతు పోయింది.

ఇంతకీ పడవ ఎవరు అడిగారో చెప్పాలి. వారధికి దిగువన కృష్ణ మధ్యలో ఒక చిన్న లంక ఉంది. పెనుమూడి ఆడవాళ్ళు పందొమ్మిది మంది అక్కడ తలా అరెకరం కౌలుకి తీసుకుని బీర, దొండ వేస్తారు. తెల్లారకముందే జకరయ్య పడవలో అవతలికి వెళ్ళి, కాయలు కోసుకుని పదింటికల్లా వచ్చేస్తారు. ఆ పడవ జకరయ్య తండ్రి చేయించింది. ఇప్పుడది ఎలా ఉందంటే, జకరయ్య తెడ్డు వేస్తుంటే ఇద్దరు మనుషులు డబ్బాలతో నీళ్ళు తోడుతూనే ఉండాలి. కొత్త పడవ ఇప్పించండి బాబూ అని ఆ ఆడవాళ్ళు నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. అర్జీలు రాసింది నేను. కింద మొదటి సంతకం మా పిన్నమ్మ సుగుణమ్మది.

మంత్రిగారు సరిగ్గా ఈ సభ జరిగిన వారమే విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. ప్రపంచంలోని పెద్ద క్రూయిజు ఓడల్లో ఒకదాంట్లో పదకొండు మంది అధికారులతో ఏడు రోజులు అధ్యయనం చేశారు. ఎంత లోతుగా చేశారంటే, ఒక్క బఫేకే మూడు రోజులు కేటాయించారు.

"ఇరవై అంతస్తులమ్మా ఓడ," అన్నారాయన అర్జీని నాలుగు మడతలు పెట్టి దాంతో విసురుకుంటూ. "ఏడు స్విమ్మింగ్ పూల్స్. నలభై హోటళ్ళు. మంచు మీద జారే గది. కొండ ఎక్కే గోడ. తీగ మీద వేలాడి ఇటునుంచి అటు పోవచ్చు. పన్నెండు వేల మొక్కలతో పార్కు. జ్యూసు కలిపేది మనిషి కాదు, మర. థియేటరు ఉంది, గుడిసెంత చెప్పుల షాపు ఉంది. చుట్టూ అంత సముద్రం ఉందా, అందులో ఈత కొట్టేవాడు ఒక్కడు లేడు. నీళ్ళ మీద వేరే నీళ్ళు పెట్టుకుని ఈదుతున్నారు. అదీ అభివృద్ధి అంటే."

జనం ఊపిరి బిగబట్టి విన్నారు. బఫే ఇరవై నాలుగు గంటలూ ఉంటుందన్నప్పుడు మాత్రం ఆగలేక చప్పట్లు కొట్టారు.

మా పిన్నమ్మ ముందు వరసలోంచి లేచింది. ఆమెకి సభా మర్యాద తెలియదు, అనుమానం వస్తే అడిగేస్తుంది.

"అయ్యా, ఆ ఓడ లంకకి ఎన్నింటికి బయల్దేరుద్దండి?"

మంత్రిగారు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, క్రూయిజు ఎక్కడికీ వెళ్ళదు. ఎక్కిన చోటే దిగుతారు. వెళ్ళాల్సిన పని ఉన్నవాళ్ళు పడవ ఎక్కుతారు. క్రూయిజు అనేది పని లేనివాళ్ళకి."

"మాకు పనుందండి," అంది పిన్నమ్మ.

"అదే కదమ్మా వెనకబాటుతనం," అన్నారు మంత్రిగారు జాలిగా. నేను వెంటనే మైకు అందుకుని, పనే లేని రేపటి పెనుమూడి గురించి నాలుగు వాక్యాలు చెప్పాను. బాగా వచ్చాయి.

తర్వాత పది రోజులకి బాపట్లలో సమీక్ష. వ్యాఖ్యాతకి సమీక్షలో ఏం పని అని మీరు అడగొచ్చు. మంత్రిగారు మధ్యలో నవ్వినప్పుడు మిగతావాళ్ళకి ఎప్పుడు నవ్వాలో తెలియాలి కదా, అందుకు నన్ను పక్కన కూర్చోబెట్టారు.

ప్రాజెక్టు డైరెక్టరు ప్రేమ్ కుమార్ గారు. చాలా పద్ధతైన మనిషి. ఓడ కంపెనీ వాళ్ళ రంగుల బ్రోచర్‌లో ఉన్న సౌకర్యాలన్నీ ఒకటి నుంచి నూట పద్దెనిమిది దాకా నంబర్లు వేసి టైపు చేయించారు. చేతిలో ఆకుపచ్చ పెన్ను. ఒక్కో సౌకర్యం తేలగానే టిక్కు పెడతారు. ఆ టిక్కు చూస్తే ఆ పని అయిపోయినట్టే ఉంటుంది, అంత నిండుగా పెడతారు.

"పదమూడు. ఐస్ స్కేటింగు," అన్నారు ప్రేమ్ కుమార్ గారు.

"రొయ్యలకి వేసే ఐసు రెండు లారీలు దింపండి," అన్నారు మంత్రిగారు.

"వాసన వస్తుందేమో సార్."

"ఓడన్నాక సముద్రం వాసన రాకుండా ఎలా?"

టిక్కు.

"ఇరవై ఆరు. కిటికీ లేని గది. గోడకి టీవీ పెట్టి అందులో సముద్రం చూపిస్తారు సార్."

నా నోరు ఊరుకోలేదు. "కిటికీ పెడితే కృష్ణే కనపడుతుంది కదండి?"

"కృష్ణని వాళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు మాస్టారూ," అన్నారు మంత్రిగారు. "సర్కారు తరఫున కొత్తగా ఇచ్చిందేముంది అందులో?"

టిక్కు. పేకాట గది మేధోక్రీడల మందిరం అయింది. పన్నెండు వేల మొక్కలు ప్లాస్టిక్‌వి వచ్చాయి, నీళ్ళు పోయనక్కర్లేదని వ్యవసాయాధికారి కూడా హర్షించారు. పెద్ద ఓడల్లో చిన్న జైలు, శవాల గది కూడా ఉంటాయని అందరికీ అప్పుడే తెలిసింది. ఓడలో చచ్చినా ఏసీయేనా అని మంత్రిగారు ముచ్చటపడ్డారు. నూట పదిహేడో నంబరు, ఓడ కంపెనీకి సొంత దీవి. "మనకి లంక ఉంది," అన్నారు ప్రేమ్ కుమార్ గారు. "దీవిలో స్థానికులు ఉండాలట. పందొమ్మిది మంది ఆల్రెడీ పని చేస్తున్నారు సార్." దానికి రెండు టిక్కులు పెట్టారు.

మూలన కూర్చున్న నీటిపారుదల ఇంజినీరు ఒకాయన చెయ్యెత్తారు. "సార్, ఇరవై అంతస్తుల ఓడకి ముప్పై అడుగుల లోతు కావాలండి. ఎండాకాలం మన రేవులో గేదె వీపు తడవదు."

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు చూడటం ఒక అనుభవం, ముందుగా కనుబొమలు లేస్తాయి, తర్వాత సమస్య తగ్గిపోతుంది.

"అంతస్తులు తగ్గించండి. సౌకర్యాలు మాత్రం ఒక్కటి తగ్గడానికి వీల్లేదు."

అలా ఇరవై అంతస్తులు రెండయ్యాయి, పొడవు అరవై అడుగులయింది. నూట పద్దెనిమిది సౌకర్యాల్లో ఒక్కోదానికి మంచం పట్టేంత జాగా వచ్చింది. ఇక కట్టేదెవరు? ఓడలు కట్టేవాళ్ళని అడిగితే రెండేళ్ళు పడుతుందన్నారట. ప్రారంభోత్సవానికి ఉన్నది నలభై రోజులు.

"ఓడలు కట్టేవాళ్ళు ఎందుకయ్యా?" అన్నారు మంత్రిగారు. "తెనాలి ఉందిగా."

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. మా వైపు నాయకుడు పోతే కుటుంబం కన్నా ముందు తెనాలికి కబురు వెళ్తుంది. ఇనుప చువ్వలు అల్లి, పైన ఫైబరు పోసి, రంగు కొట్టి, పదిహేను రోజుల్లో నిలువెత్తు మనిషిని లారీ ఎక్కిస్తారు. ఆ పని చేసేవాళ్ళలో అబ్దుల్ ఖాదర్ గారిది పెద్ద చెయ్యి. అంగలకుదురు రోడ్డులో ఆయన షెడ్డు. నేనూ ప్రేమ్ కుమార్ గారూ వెళ్ళేసరికి వరసగా ఏడుగురు నాయకులు తలల్లేకుండా నిలబడి ఉన్నారు.

"మొండేలు ముందే పోసి ఉంచుతామండి," అన్నారు ఖాదర్ గారు కుర్చీ తుడుస్తూ. "తల ఆర్డరొచ్చాక పెడతాం. ఏ పార్టీ అయినా ఒళ్ళు ఒకటేగా."

"ఖాదర్ గారూ, ఎప్పుడైనా ఓడ చేశారా?" అన్నారు ప్రేమ్ కుమార్ గారు.

"నాలుగొందల మంది నాయకుల్ని చేశానండి. ఓడ ఎంతండి." ఆయన టేపు తీశారు. "మొహం ఎటుండాలి?"

"ఓడకి మొహమేంటండి?"

"ముందుభాగం అండి. రోడ్డు వైపా, ఏటి వైపా?"

ప్రేమ్ కుమార్ గారు ఫోను చేసి కనుక్కున్నారు. ఫొటోలు రోడ్డు వైపు నుంచి తీస్తారు కాబట్టి రోడ్డు వైపే అని తేలింది.

"దిమ్మె మీరు కట్టించుకుంటారా, నన్ను కట్టమంటారా?"

"అవన్నీ సివిల్ వర్క్స్ అండి. మేం చూసుకుంటాం. మీరు లిస్టు ప్రకారం చేయండి, చాలు."

ఖాదర్ గారు లిస్టు కళ్ళకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు, ఆ మాట ఇప్పుడూ అంటాను. ముప్పై నాలుగో రోజుకి ఓడ తయారైంది. తెల్లగా, హంసలాగా ఉంది. కొళాయి తిప్పితే నీళ్ళు రావు గాని కొళాయి ఉంది. తలుపు తెరుచుకోదు గాని పిడి మెరుస్తోంది. ఎంత జీవం ఉట్టిపడిందంటే, చూసినవాళ్ళందరూ ఎవరో పోయినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఓడని రెండు భాగాలుగా చేసి, ఆకుపచ్చ బట్ట కప్పి, లారీల మీద బయల్దేరదీశాం. వేమూరు దాటేవరకు బాగానే ఉంది. భట్టిప్రోలు సెంటర్లో జనం అడ్డం పడ్డారు. తెనాలి నుంచి బట్ట కప్పుకుని లారీ వచ్చిందంటే అందులో ఒక నాయకుడు ఉన్నట్టే మా వాళ్ళ లెక్క. పూలదండలు వచ్చాయి. డప్పులు వచ్చాయి.

"ఎవరండీ?" అని అడిగాడొక ఆటో అబ్బాయి నన్ను.

"ఓడ బాబూ."

"పెద్ద మనిషే," అన్నాడతను టోపీ తీసి. "ఎప్పుడు పోయాడు?"

వాదించే టైము లేదు. జోహార్లు పలికి, రెండు నిమిషాలు మౌనం పాటించి, ఒక కొబ్బరికాయ కొట్టాక వదిలారు. రేపల్లెలో మళ్ళీ ఆపి ఇదే చేశారు. పెనుమూడి చేరేటప్పటికి ఓడ మెడలో నలభై దండలున్నాయి.

రేవులో రెండు భాగాలూ ఒకటిగా బిగించి, క్రేనుతో గాల్లోకి లేపారు. నీటిపారుదల ఇంజినీరు గారు లోతు కొలుద్దామని కిందకి వెళ్ళి, తలెత్తి, అలాగే ఉండిపోయారు.

"ఖాదర్ గారూ," అని పిలిచారు చివరికి. "నాకు ఆకాశం కనపడుతోందండి."

అందరం వెళ్ళి చూశాం. నిజమే. ఓడ లోపలంతా డొల్ల, అంచుల నుంచి పన్నెండు ఇనుప చువ్వలు కిందకి వేలాడుతున్నాయి.

"దీనికి అడుగేదండీ?" అన్నారు ఇంజినీరు గారు.

ఖాదర్ గారు నిజంగా ఆశ్చర్యపోయారు. "విగ్రహానికి అడుగెవరు పెడతారండి? చువ్వలు దిమ్మెలో దిగుతాయి, పైన సిమెంటు పోస్తారు. నలభై ఏళ్ళుగా అలాగే చేస్తున్నాం. ఇన్నేళ్ళలో ఏ నాయకుడికీ అడుగు లేదని ఎవరూ అడగలేదు."

ప్రేమ్ కుమార్ గారు కంగారు పడలేదు. లిస్టు తీసి ఒకటి నుంచి నూట పద్దెనిమిది దాకా వేలు పెట్టి చూశారు. "అడుగు అని ఇందులో ఎక్కడా లేదు. ఖాదర్ గారి తప్పు కాదు," అన్నారు. పద్ధతైన మనిషి అని అందుకే అన్నాను. తర్వాత మంత్రిగారికి ఫోను కలిపి స్పీకరులో పెట్టారు.

"అడుగు జనానికి కనపడుతుందా?" అన్నారు మంత్రిగారు.

"కనపడదు సార్. నీళ్ళలో ఉంటుంది."

"కనపడని దాని కోసం ప్రారంభోత్సవం ఆపుతామా? దిమ్మె కట్టేయండి."

దిమ్మె కట్టడానికి గట్టి నేల కావాలి. రేవులో గట్టి నేల ఒక్కటే, ఆడవాళ్ళు పడవ ఎక్కే రాతి మెట్లు. మెట్ల మీదే దిమ్మె లేచింది. ఓడ వెనకభాగం నీళ్ళ మీదికి వచ్చేలా, మొహం రోడ్డుకేసి ఉండేలా బిగించారు. ముందు నుంచి చూస్తే ఓడ కృష్ణలోంచి లేచి రేపల్లె మీదికి వస్తున్నట్టే ఉంటుంది.

ప్రారంభోత్సవం గురువారం. సోమవారం నాటికి నూట పదిహేడు సౌకర్యాలకి టిక్కులు పడ్డాయి. మిగిలింది ఆఖరుది.

"లైఫ్‌బోట్లు, రెండు," అని చదివారు ప్రేమ్ కుమార్ గారు. ఓడ పక్కన వేలాడే ప్రాణరక్షక పడవలు, ఆపదొస్తే జనాన్ని ఎక్కించడానికి. ఆయన తలెత్తి రేవు చుట్టూ చూశారు. మెట్ల పక్కన గుంజకి కట్టి జకరయ్య పడవ ఉంది.

గంటలో కాగితం వచ్చింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా పడవని తాత్కాలికంగా స్వాధీనం చేసుకుంటున్నట్టు అందులో ఉంది. జకరయ్య కాగితం తిప్పి తిప్పి చూసి నా చేతికిచ్చాడు.

"చదవండి మాస్టారూ. నా పడవ ఏ తప్పు చేసిందంట?"

"తప్పు కాదు జకరయ్యా, గౌరవం. రంగు వేయించి ఓడకి కడతారట."

"మళ్ళా ఎప్పుడిస్తారండి?"

అది కాగితంలో లేదు. పడవని లారీ మీద తెనాలి తీసుకెళ్ళారు. జకరయ్య తెడ్డు మాత్రం భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం మా పిన్నమ్మ భట్టిప్రోలు వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. "ఒరే జానూ, తీగలకి కాయ గుత్తులు గుత్తులుగా ఉందిరా. రెండు రోజులు కోయకపోతే బీరకాయంతా పీచే, గేదె కూడా ముట్టదు. ఈ కాపు పోతే నేను కౌలు నిలబెట్టుకోలేను. పొద్దున ఒక్క పూట పడవ ఇమ్మని ఆ సారుని అడగరా. నువ్వు చెప్తే వింటారు."

నేను చెప్తే వింటారని మా పిన్నమ్మ నమ్మకం. మైకులో నా గొంతు అంత పెద్దగా వినపడుతుంది కాబట్టి ఆమె అలా అనుకుంటుంది. నాకు సిగ్గేసింది. అయినా మర్నాడు వెళ్ళి అడిగాను.

"లైఫ్‌బోటు లేకుండా ఓడని ఉంచడం రూల్స్‌కి విరుద్ధం మాస్టారూ," అన్నారు ప్రేమ్ కుమార్ గారు. "ప్రమాదం జరిగితే?"

"సిమెంటు దిమ్మె మీదున్న ఓడకి ప్రమాదమేంటండి?"

"ఏంటో తెలియదు కాబట్టే దాన్ని ప్రమాదం అంటారు," అన్నారాయన.

చేపల పడవలు ఏమైనా దొరుకుతాయేమోనని చూశాను. ప్రారంభోత్సవం భద్రత కోసం వాటన్నిటినీ అయిదు కిలోమీటర్లు దిగువకి తోలేశారు.

మంగళవారం ఎవరూ లంకకి వెళ్ళలేదు. బుధవారం కూడా వెళ్ళలేదు. గురువారం తెల్లవారుజామున ఏట్లో నీళ్ళు బాగా తీసి ఉన్నాయని, మా పిన్నమ్మా మిగతా పద్దెనిమిది మందీ బుట్టలు నెత్తిన పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఛాతీ లోతు నీళ్ళలో నడిచి లంకకి వెళ్ళారు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని సభకి వెళ్ళాను.

సభ అద్భుతంగా జరిగిందని పాఠకులకి మనవి చేస్తున్నాను. మంత్రిగారు తెల్ల కెప్టెన్ యూనిఫాంలో, బంగారు చారల టోపీతో వచ్చారు. రైసుమిల్లు సైరను తెచ్చి ఓడకి బిగించారు, అది మోగితే రేపల్లెలో షిఫ్టు అయిపోయిందనుకుని పని దిగినవాళ్ళు ఉన్నారు. మంత్రిగారు నిచ్చెన ఎక్కి ఓడ పైకి వెళ్ళారు. పై అంతస్తు గట్టిగా ఉందని ఖాదర్ గారు హామీ ఇచ్చిన జాగాలో, ముగ్గు వేసి గుర్తు పెట్టిన వలయంలో నిలబడ్డారు. లైఫ్‌బోటు ఓడ పక్క గోడకి, వెనకభాగంలో, నీళ్ళ పైన గొలుసులతో వేలాడుతోంది. నారింజ రంగు, దాని మీద తెల్ల అక్షరాలు. జకరయ్య పడవని నేను గుర్తుపట్టలేకపోయాను, అంత బాగుంది.

పదిన్నరకి నా ఫోను మోగింది. పిన్నమ్మ.

"జానూ, మేం లంకలో ఉన్నాంరా. వచ్చేటప్పుడు నడుద్దామనుకున్నాం. పైన బ్యారేజీ గేట్లెత్తారంట, నీళ్ళొచ్చేస్తున్నాయి. పల్లం చేలన్నీ మునిగినాయి. ఆ ఓడకి కట్టారే, మన పడవ, అది పంపించరా. జకరయ్యని పంపించు." వెనక ఎవరో ఏడుస్తున్నారు. "తొందరగా," అంది.

నేను వారధి వైపు చూశాను. ఎర్రనీళ్ళు వస్తున్నాయి. లంక గట్టు మీద రంగురంగుల చీరలు గుంపుగా కనపడుతున్నాయి. మైకు పట్టుకునే ఓడ పైకి నిచ్చెన ఎక్కి, మంత్రిగారి వెనక నిలబడి ఉన్న ప్రేమ్ కుమార్ గారి చెవిలో చెప్పాను.

"లైఫ్‌బోటు ఓడలో ఉన్నవాళ్ళ కోసం," అన్నారాయన మెల్లగా. "వాళ్ళు ప్యాసింజర్లు కాదు. పైగా దాన్ని ఇప్పుడు దింపడం కుదరదు మాస్టారూ. అసలు కుదరదు."

ఆయన మొహంలో చెమట చూశాను గాని, ఎండ అనుకున్నాను.

ఇరవై ఏళ్ళుగా పొగుడుతున్నాను. మొదటిసారి ఒక పని కోసం పొగుడుదామనిపించింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"సోదర సోదరీమణులారా. ఇప్పుడొక చారిత్రక ఘట్టం. లంకలో చిక్కుకున్న పందొమ్మిది మంది అక్కచెల్లెళ్ళని కాపాడటానికి, మన కెప్టెన్, పేదల పెన్నిధి, పాండురంగారావు గారు స్వయంగా, తమ చేతులతో, లైఫ్‌బోటుని నీళ్ళలోకి దింపబోతున్నారు."

జనం హోరెత్తారు. కెమెరాలన్నీ ఏటి వైపు పరిగెత్తాయి. మంత్రిగారు నన్ను చూసిన చూపులో ప్రేమ తప్ప ఇంకేం లేదు, ఈ ఐడియా తనకే ఎందుకు రాలేదని ఒక చిన్న బాధ ఉందేమో. టోపీ సర్దుకుని గొలుసు దగ్గరికి నడిచారు. ప్రేమ్ కుమార్ గారు ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అనబోయారు. "పక్కకి జరగవయ్యా, ఫ్రేములోకి వస్తున్నావు," అన్నారు మంత్రిగారు.

జకరయ్య ఇంటికి పరిగెత్తి తెడ్డు తెచ్చుకున్నాడు. దిమ్మె పక్కన మిగిలిన ఆఖరి మెట్టు మీద, మోకాళ్ళ లోతు నీళ్ళలో, దూకడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మంత్రిగారు గొలుసు లాగారు. పడవ ఓడ గోడని ఆనుకుని జానెడు జానెడు దిగింది. దిగిన ప్రతి జానెడుకీ చప్పట్లు. నేను కూడా కొట్టాను, మనస్ఫూర్తిగా.

పడవ నీళ్ళని తాకింది. గోడని వదిలింది. మెల్లగా పక్కకి తిరిగి, పలకలాగా వెల్లకిలా పడింది.

దానికి రెండో వైపు లేదు. ముక్కు నుంచి తోక దాకా నిలువునా రంపంతో కోసి ఉంది. కోసిన చోట లోపలి చెక్క నల్లగా కనపడుతోంది, దానికి రంగు వేయలేదు.

చప్పట్లు ఇంకా ఆగలేదు, వెనకవాళ్ళకి కనపడలేదు కదా. జకరయ్య తెడ్డు మెట్టు మీద పెట్టాడు. వంగి, ఆ కోసిన అంచుని చేత్తో తడిమాడు. తర్వాత దిమ్మె పక్కన నిలబడి ఉన్న ఖాదర్ గారి వైపు తిరిగాడు.

"భాయ్, మిగతా సగమేదండి?"

ఖాదర్ గారు తలెత్తలేదు. "అటువైపు గోడకుందయ్యా. లిస్టులో రెండున్నాయి, ఉన్నది ఒకటే అన్నారు సారు. గోడకి ఆనేదానికి బయటి వైపుంటే చాలని కోయించారు. పడవ పోతుందని చెప్పానయ్యా. నా మాట వినలేదు."

ప్రేమ్ కుమార్ గారు లిస్టు మంత్రిగారి ముందు పెట్టారు. ఆకుపచ్చ టిక్కు నిండుగా ఉంది. "రోడ్డు మీద ఏ వైపు నుంచి వచ్చినా ఒకటి కనపడుతుంది సార్," అన్నారు.

మంత్రిగారు కిందకి చూశారు. కెమెరాలకేసి చూశారు. ఆయన కనుబొమలు లేచాయి.

"అయితే ఆ రెండోది కూడా దింపండి," అన్నారు. "మాస్టారూ, చెప్పండి."

అవతల, పడవ నీళ్ళలోకి దిగడం లంకలోంచి చూశారు. గట్టు మీది చీరలు కదిలాయి. పందొమ్మిది మందీ బుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా నీళ్ళ అంచుకి వచ్చి నిలబడ్డారు. అందరికన్నా ముందు, నడుము లోతులో, మా పిన్నమ్మ.

నేను మైకు తీసుకున్నాను. ఇప్పుడు రెండో లైఫ్‌బోటు బయల్దేరుతోందని ప్రకటించాను. చప్పట్లు బాగా పడ్డాయి.